గీగీల గోడ

వీధి మొత్తానికీ ఆవిడ పిన్నే. పిల్లలకీ పిన్నే, ఆ పిల్లల్ని గుమ్మంలో దింపి ఉద్యోగాలకి పరిగెత్తే అమ్మానాన్నలకీ పిన్నే, పాలప్యాకెట్లు వేసే ఆయనకీ పిన్నే. సొంత పిల్లలు లేరు కదా అని ఎవరైనా జాలిపడబోతే, "లేకపోవడమేంటి? పొద్దున్నకి గంపెడు, సాయంత్రానికి ఒక్కరూ ఉండరు. ఇంత సుఖం ఏ తల్లికుంది?" అని ఎదురు నవ్వేది.

ఆవిడ ఇంట్లో అడుగుపెడితే ముందు కనిపించేవి చెప్పులు. అరచేతిలో పట్టేంత చెప్పులు, గోడ వారగా వరసలో. బల్ల మూలలకి పాత తువ్వాళ్ళు చుట్టి ఉండేవి. ప్లగ్గు రంధ్రాల మీద అట్టముక్కలు అంటించి ఉండేవి. గేటు గొళ్ళెం ఎంత ఎత్తులో ఉండేదంటే, పెద్దవాళ్ళు కూడా మునివేళ్ళ మీద లేవాల్సిందే.

"ఇది ఇల్లా జైలా?" అనేవాడు భర్త. ఆయన ఇళ్ళకి రంగులేసే పెయింటరు.

"జైలుకి ఏడుస్తూ వస్తారు, నవ్వుతూ పోతారు. ఇక్కడికీ ఏడుస్తూనే వస్తారు, కానీ పోయేటప్పుడు పోనని ఏడుస్తారు. ఆ మాత్రం తేడా తెలీదూ?"

పిన్నికి నగల మీద మోజు లేదు, బట్టల మీద లేదు. ఉన్నదల్లా ఒకటే గర్వం. "నా చేతుల్లో ఉన్నంతసేపు ఏ బిడ్డకీ గోరంత గీత పడలేదు," అనేది. కొత్తగా పిల్లల్ని చేర్చడానికి వచ్చిన ప్రతి తల్లికీ ఈ మాట చెప్పేది. చెప్తూ చెప్తూ రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తిప్పి చూపించేది, ఏదో పత్రం మీద ముద్ర చూపించినట్టు.

వెనక పెరడు చిన్నదే. భర్త ఖాళీ చేసిన రంగు డబ్బాలన్నిటిలో మన్ను నింపి టమాటా, వంగ, మిరప పెట్టింది. పిల్లలు నీళ్ళు పోసేవారు. పోసిన నీళ్ళలో సగం మొక్కలకి, సగం లాగులకి. ఆ పెరటికి చివర ఒక పాత ఇటుక గోడ. ఇటుకల మధ్య సిమెంటు కాదు, మట్టి. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడేది. ఆ మట్టి మెత్తబడిన చోటల్లా చిటికెనవేలు దూరేంత కన్నాలు. ఆ కన్నాల్లో ఉండేవి గీగీలు.

చూడ్డానికి మామూలు తేనెటీగలంత ఉంటాయి కానీ ఇవి తుట్టె కట్టవు. వీపు మీద తేనెరంగు నూగు, నల్లటి పొట్ట చుట్టూ సన్న కుంచెతో గీసినట్టు నీలం చారలు. ఒక్కో ఆడ ఈగ ఒక్కో కన్నం తవ్వుకునేది. పక్కపక్కనే ఉన్నా ఎవరి వంట వాళ్ళదే, ఇరుగుపొరుగే తప్ప ఉమ్మడి కాపురం కాదు. టమాటా పువ్వు కింద వేలాడుతూ దాన్ని వాటేసుకుని "గీ"మనేవి, ఒక్క క్షణం ఆగి మళ్ళీ "గీ"మనేవి. అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. మనిషి దగ్గరికి వెళ్తే తప్పుకుని పోయేవి కానీ మీదకి వచ్చేవి కావు. పిన్ని ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఉన్నాయవి. "అద్దె కట్టని అద్దెవాళ్ళు," అనేది. గోడకి పూత పూస్తానని భర్త ఎన్నిసార్లు అన్నా, "వాళ్ళు ఖాళీ చేశాక చూద్దాం," అని వాయిదా వేసేది. పూలకీ వాటికీ ఏదో పొత్తు ఉందని తెలుసు గానీ, అదేంటో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడాది బుడంకాయ చేరాడు. ఇంకా మాటలు పూర్తిగా రానివాడు, బుగ్గలూ పొట్టా కలిసి గుండ్రంగా ఉండేవాడు. వాడి తల్లి రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. వీధిలో అందరూ ల్యాబమ్మాయి అనేవారు. తొలిచూలు బిడ్డ, పైగా సైన్సు చదువు. చదువుకున్నవాళ్ళ భయం మామూలు భయం కంటే నాలుగు మూరలు పొడుగు. చదువులేనివాళ్ళు "ఏమవుతుందో ఏమో" అని ఊరుకుంటారు. ల్యాబమ్మాయికి ఏమవుతుందో వరసగా, పేర్లతో సహా తెలుసు. ఫోను చేసి, "పిన్నీ, నీళ్ళెన్ని తాగాడు? విరేచనం ఏ రంగు?" అని అడిగేది.

"పసుపు పచ్చ. కావాలంటే మా ఆయన రంగుల పుస్తకం తెచ్చి పోల్చి చెప్తా," అనేది పిన్ని. ల్యాబమ్మాయి నవ్వేది కాదు. "పోల్చగలరా?" అనేది.

అయినా ఆ పిల్లంటే పిన్నికి ప్రాణం. అంత భయస్తురాలు బిడ్డని తన చేతుల్లో పెట్టి వెళ్తోందంటే, అది తన చేతులకి దక్కిన గౌరవం కదా.

ఒకరోజు ఆ చేతులే పని చెడగొట్టాయి.

మధ్యాహ్నం పిల్లలందరూ పడుకున్నారు. పిన్ని వంటింటి అరుగు మీద కూర్చుని నిలవ పెట్టుకోడానికి పచ్చిమిరపకాయలు తరుగుతోంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను. అవతల అక్క. అక్క కోడలి మీద చాడీ మొదలుపెడితే పంపు వదిలేసినట్టే, ఇవతలివాళ్ళు "ఊ" కొడితే చాలు. ఇంతలో బుడంకాయ లేచి, ముక్కు కారుతూ తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి పిన్ని ఒళ్ళో పడ్డాడు. పిన్ని "ఊ" కొడుతూనే, చూడకుండానే, అలవాటైన చేత్తో వాడి ముక్కు తుడిచింది. బుగ్గ తుడిచింది. కంట్లో పుసి కూడా తీసింది.

వాడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు. ఆ తర్వాత వేసిన కేకకి అవతల అక్క కూడా చాడీ ఆపేసింది.

"ఏమైందే?"

"కారం చెయ్యక్కా... బాబు కంట్లో పెట్టేశాను." ఫోను కింద పడింది.

నీళ్ళు పోసింది. కారం నీళ్ళకి లొంగదు, ఇంకా పాకుతుంది. వాడు రుద్దుకున్నాడు, అది పెదవికీ అంటుకుంది. సాయంత్రానికి ఏడుపు తగ్గింది కానీ ఒక కన్ను మూసుకుపోయింది, బుగ్గా పెదవీ ఎర్రగా పొంగి, ముఖం సగం వేరే ఎవరిదోలా తయారైంది. పిన్ని వాడిని ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ, వాళ్ళమ్మకి చెప్పాల్సిన మాట కూడబలుక్కుంది. "అమ్మాయ్, నాదే పొరపాటు." అంతే, చిన్న మాటే. కానీ ఎన్నిసార్లు అనుకున్నా దాని వెనకే ఇంకో మాట తోసుకొచ్చేది, నా చేతుల్లో ఏ బిడ్డకీ గోరంత గీత పడలేదు అని.

ల్యాబమ్మాయి వచ్చింది. బిడ్డని చూసి చేతిలో సంచి వదిలేసింది.

"ఏంటిది? ఈగ కుట్టిందా పిన్నీ?"

పిన్ని అబద్ధం వెతుక్కోలేదు. అదే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మనడమే తరువాయి.

"అలాగే ఉందమ్మా," అంది పిన్ని.

ల్యాబమ్మాయి చూపు పెరట్లోకి, ఎండ తగ్గిన గోడ మీదకి, కన్నాల్లోకి దూరుతున్న గీగీల మీదకి వెళ్ళింది. "ఒకసారి కుడితేనే ఇంత వాచిందంటే, రెండోసారి కుడితే ఏమవుతుందో తెలుసా పిన్నీ?" అంది. ఏమవుతుందో చెప్పింది కూడా, గొంతు లోపల వాచి ఊపిరాడకపోవడం దగ్గర్నుంచి వరసగా. పిన్ని తేలు కుట్టిన దొంగలా వింది.

ఆ మాట పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళందరికీ పాకింది. వాళ్ళలో ఒక తండ్రి, బస్సు డ్రైవరు, "పసిపిల్లల చోట అవెందుకు పిన్నీ, మూసి పారెయ్యి," అన్నాడు. అందరూ ఔనన్నారు. పిన్నీ ఔనంది. ఔననక ఏం చేస్తుంది?

సిమెంటు కలిపింది భర్తే కానీ తాపీ పట్టుకున్నాక వెనకాడాడు. "ఇన్నాళ్ళూ వేలు పెట్టనివ్వలేదు కదే. ఇప్పుడు నిజంగా మూసెయ్యమంటావా?" పిన్ని ఆయన చేతిలోంచి తాపీ లాక్కుంది. సాయంత్రం, తల్లిదండ్రులు వచ్చే వేళ. అందరూ చూస్తుండగా, అందరూ చూడాలనే, కన్నం తర్వాత కన్నం పూడ్చింది. అప్పటికి ఆడ ఈగలన్నీ గూళ్ళకి చేరాయి. తడి సిమెంటు మీద తాపీ అదిమినప్పుడు ఒకచోట లోపల్నుంచి సన్నగా వణుకు, ఇనుములోంచి వేళ్ళకి తెలిసింది. పిన్ని తాపీ ఎత్తలేదు. ఇంకాస్త అదిమింది.

"శభాష్ పిన్నీ!" అన్నాడు బస్సు డ్రైవరు.

అన్నిటికీ అత్తగారిలా జవాబు చెప్పే నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఉంది, దాన్ని పిన్ని అత్తగారి పిల్ల అనేది. అది వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి, "వాటి ఇంటికి తాళం వేసేశావా? అవేం తప్పు చేశాయి?" అని అడిగింది.

"కుట్టాయి," అన్నాడు వాళ్ళ నాన్న.

"పిన్ని చూసిందా?"

పిన్ని సిమెంటు గిన్నె కడగడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న, బయటే పడుకున్నవో, ఆలస్యంగా ఇల్లు చేరినవో, కొన్ని గీగీలు వచ్చాయి. కాళ్ళకి పసుపు పుప్పొడి. గోడ ముందు గాల్లో నిలబడి, ఉన్నచోటే ఊగుతూ, తమ కన్నం ఉండాల్సిన చోటికి ముఖం పెట్టి చూశాయి. ముందుకొచ్చి సిమెంటుని తాకి, వెనక్కి పోయి మళ్ళీ వచ్చాయి. తలుపు తట్టేవాళ్ళ తీరే అది. పిన్ని బట్టలు ఆరేయడానికి వచ్చింది, బకెట్టుతో సహా లోపలికి వెళ్ళి ముందు వాకిట్లో ఆరేసింది. రోజులు గడిచేకొద్దీ అవి తగ్గాయి. చివరికి ఒక్కటీ రాలేదు.

అక్క ఫోను చేసి, "పిల్లాడి కన్ను ఎలా ఉంది? వాళ్ళమ్మ ఏమంది?" అని అడిగింది. పిన్ని చెప్పింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! కారం చెయ్యి నువ్వు పెట్టి, నోరులేని ఈగ మీద తోశావా? నేనేదో నా కోడల్ని అంటుంటాను గానీ, అది కూడా ఇంత పని చెయ్యలేదు."

"నువ్వు ఫోను చెయ్యకపోతే..."

"ఆ, నా మీదకి కూడా తొయ్యి. ఈగలైపోయాయి, ఇక అక్కే మిగిలింది."

పిన్ని ఫోను పెట్టేసింది.

వాపు ఎప్పుడో పోయింది. భయం పోలేదు. భయం బిడ్డకి తల్లి చేతుల్లోంచి అంటుతుంది. ఏది ఎగిరినా ల్యాబమ్మాయి వాడిని గబుక్కున దగ్గరికి లాక్కునేది. నాలుగు రోజులు అలా లాక్కుంటే చాలు, వాడికి ఎగిరేవన్నీ శత్రువులైపోయాయి. మామూలు ఈగ వాలినా కెవ్వుమనేవాడు. ఎండలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని వచ్చేవాడు. మిగతా పిల్లలు పెరట్లో నీళ్ళతో తడుస్తుంటే, వాడు గుమ్మం ఇవతల చిన్న డబ్బా పట్టుకుని నిలబడేవాడు. "రారా నాన్నా," అని పిన్ని చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపి, గోడకేసి వేలు చూపించి, "గీగీ... ఉఫ్," అనేవాడు.

పెరట్లో కూడా అంతా సవ్యంగా లేదు. టమాటాలు విరగబూశాయి. పూసింది పూసినట్టే ముచికతో సహా ఊడి కింద పడేది. నిలిచిన కొద్దిపాటి పిందెలు గోళీల్లా ఉండిపోయాయి, లేదా ఒక పక్కే ఉబ్బి వంకర తిరిగాయి. వంకాయలదీ అదే వరస. పిన్ని మన్ను మార్చింది, పేడ ఎరువు వేసింది, నీళ్ళు తగ్గించింది, మళ్ళీ పెంచింది. అత్తగారి పిల్ల రాలిన పువ్వులన్నీ ఏరి గుప్పెట్లో పోసి, "ఇవి ఎందుకు ఏడుస్తున్నాయి?" అని అడిగింది.

ఒక సెలవురోజు ల్యాబమ్మాయి బుడంకాయని చంకనేసుకుని వచ్చింది. చేతిలో ఒక పళ్ళు తోముకునే బ్రష్షు, బ్యాటరీతో తిరిగేది.

"పిన్నీ, మీకు క్షమాపణ చెప్పాలి," అంది.

పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకా?"

"మీ తోట నావల్లే పాడైంది. నిన్న రాలిన పూలు చూశాక అర్థమైంది. టమాటా పువ్వులో పుప్పొడి ఊరికే రాలదు పిన్నీ. ఉప్పుడబ్బాలో ఉప్పులాగ లోపలుంటుంది, చివర సన్న కన్నం. గట్టిగా అదిరిస్తేనే బయటికొస్తుంది. ఆ గీగీలు చేసేది అదే. పువ్వుని పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్ళు మాత్రం వణికిస్తాయి. మామూలు తేనెటీగలకి ఆ విద్య రాదు. గాలికి కొంత రాలుతుంది కానీ, మీ పెరటికి నాలుగువైపులా గోడలే, గాలెక్కడిది? చదివాను. చదివి కూడా, నా కొడుకు ముఖం చూసేసరికి అన్నీ మర్చిపోయాను. నా భయంతో మీ చేత ఆ పని చేయించాను."

పిన్ని రాలిన పూల వైపు చూసింది.

"మీరు ఒక్క మాట కూడా అనలేదు. ఇంకొకరైతే, మా గోడ మా ఇష్టం అనేవాళ్ళు," అంటూ ల్యాబమ్మాయి పిన్ని చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యే. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో పిన్నికి తెలియలేదు. తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ఒక్కొక్క మొక్క దగ్గరా గొంతుక్కూర్చుని, బ్రష్షు వెనకభాగం పూల కాడకి ఆనించి మీట నొక్కింది. సన్నటి పసుపు పొడి గాల్లోకి లేచింది. "చూశారా? ఇలా రోజూ చేస్తే కొన్నైనా నిలుస్తాయి. ఎన్ని చేసినా ఆ ఈగలంత కుదురుగా చెయ్యలేమనుకోండి."

బ్రష్షు "గీ"మంది.

గుమ్మం దగ్గర దింపిన బుడంకాయ కెవ్వుమన్నాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, గోడకి వీపు ఆనించి జారిపోయాడు. కింద తడి పాకింది. వాడి ఏడుపులో అమ్మ అన్న మాట లేదు. "పిన్నీ, పిన్నీ," అని ఏడ్చాడు. పిన్ని ఎత్తుకుంటే, మెడలో ముఖం దాచుకుని నక్కి ఉండిపోయాడు.

ల్యాబమ్మాయి బ్రష్షు ఆపి, మట్టిచేతులతో అలాగే నిలబడింది. "ఇలా ఎన్నాళ్ళని?" అంది. "అందుకే పరీక్ష చేయిద్దామని నిర్ణయించుకున్నాను. మా ల్యాబులోనే. ఈగ విషం పడుతుందో పడదో చర్మం మీద సూదితో చూస్తారు. డాక్టరుగారు అవసరం లేదనే అన్నారు, నేనే పట్టుబట్టాను. ఏదో ఒకటి తేలితే నాకు నిద్రపడుతుంది." ఆగి అంది, "పిన్నీ, మీరు కూడా రావాలి. వాడు మీ ఒళ్ళో అయితేనే కదలకుండా ఉంటాడు."

"అమ్మాయ్..." అంది పిన్ని. ల్యాబమ్మాయి కళ్ళెత్తింది. ఆ కళ్ళలో అంత నమ్మకం చూసేసరికి చెప్పాల్సిన మాట వెనక్కి జారింది. "అలాగే వస్తాలే," అంది. బిడ్డ లాగు మార్చడానికి లోపలికి వెళ్ళి, ఆ పని అవసరమైనదానికంటే చాలాసేపు చేసింది.

ల్యాబు మెడికల్ షాపు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరో ముసలాయన మోచెయ్యి మడిచి దూది అదిమిపట్టుకుని కూర్చున్నాడు. లోపలి గదిలో స్పిరిట్ వాసన, ఫ్రిజ్ గరగర, స్టాండులో ఎర్రమూతల గొట్టాలు. ల్యాబమ్మాయి అక్కడ వేరే మనిషిలా ఉంది. తెల్లకోటు, బిగించి కట్టిన జుట్టు, తడబాటు లేని చేతులు. ఆ చేతులు కూడా ఎంతోమందిని పొడిచాయి. కానీ పొడిచేముందు చెప్పి పొడిచాయి, అనిపించింది పిన్నికి.

పిన్ని కుర్చీలో కూర్చుంది. బుడంకాయ ఒళ్ళో. ల్యాబమ్మాయితో పనిచేసే నర్సు వాడి చొక్కా చెయ్యి మడిచి, మెత్తని ముంజేతి మీద పెన్నుతో చుక్కలు పెట్టింది. వాడికి ఆట అనిపించింది కాబోలు, చుక్కలు చూసి నవ్వి, పిన్నికి చూపించాడు. "పిన్నీ, గట్టిగా పట్టుకోండి," అంది ల్యాబమ్మాయి. సూది తను వెయ్యలేక నర్సుకి అప్పజెప్పి, ముఖం పక్కకి తిప్పుకుంది. పిన్ని పట్టుకుంది. ఆ చిన్న మణికట్టులో నాడి పిన్ని వేళ్ళ కింద టకటకా కొట్టుకుంటోంది. తాపీ కింద వణుకు గుర్తొచ్చింది. ఆ రోజు ఇంకాస్త అదిమింది తను.

సూది చర్మం దగ్గరికి వచ్చింది.

"వద్దు," అంది పిన్ని. వాడి చెయ్యి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా. ఈగ కుట్టలేదు."

నర్సు ఆగింది. ల్యాబమ్మాయి ఇటు తిరిగింది.

"మిరపకాయలు తరుగుతున్నా. ఫోనులో మాట్లాడుతున్నా. ఆ చేత్తోనే వాడి ముఖం తుడిచా. నువ్వు ఈగా అని అడిగితే ఔనన్నా." ఇంకా చెప్పాలనుకుంది కానీ అంతకుమించి ఏమీ లేదని తెలిసింది. ఇన్నాళ్ళు మోసింది ఇంతే.

పిన్ని అరుపు కోసం ఎదురుచూసింది. అరిచుంటే బాగుండేది. ఆ పిల్ల వచ్చి, దూది స్పిరిట్‌లో ముంచి, కొడుకు చేతి మీది చుక్కల్ని ఒక్కొక్కటే తుడిచింది.

"కారం నీళ్ళతో పోదు పిన్నీ," అంది చివరికి, చాలా మెల్లగా. "ఫోను చేసి ఉంటే పాలతో తుడవమని చెప్పేదాన్ని. అరగంటలో తగ్గేది." తుడవడం అయిపోయినా ఇంకా తుడుస్తూనే ఉంది. "రాత్రుళ్ళు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను, ఊపిరి తీస్తున్నాడా లేదా అని. మీకు క్షమాపణ చెప్పడానికి వచ్చినప్పుడు కూడా చెప్పలేదు. నన్ను పూల ముందు కూర్చోబెట్టి చూశారు."

పిన్ని తల దించుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవచ్చు. దొరికిన దొంగకి తడుముకోడానికి భుజాలు కూడా ఉండవు. ల్యాబమ్మాయి బిడ్డని ఒళ్ళోంచి తీసుకుంది. వాడు పిన్ని మెడ వదలనని పేచీ పెడితే వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. పిన్ని ఒక్కతే మెట్లు దిగుతుంటే పైనుంచి వాడి ఏడుపు వినిపించింది.

మర్నాడు బుడంకాయ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చెప్పుల వరసలో వాడి జాగా ఖాళీగా ఉంటే, అత్తగారి పిల్ల తన చెప్పులు అక్కడికి జరిపింది. పిన్ని మళ్ళీ వెనక్కి జరిపింది. ల్యాబమ్మాయి వీధిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ సంగతి పిన్నికి మిగతా తల్లుల నవ్వుముఖాల్లో తెలిసిపోయేది. కావాలంటే అలాగే ఉండిపోవచ్చు. ఆ వెసులుబాటు చూసి పిన్నికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఒక సాయంత్రం, తల్లిదండ్రులు వచ్చే వేళకి, భర్త పనిసంచిలోంచి ఉలీ సుత్తీ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. పూడ్చిన చోట దెబ్బ వేసింది.

"రాత్రి పూట నేను కొట్టిపెడతాలేవే. ఎవరూ చూడరు," అన్నాడు భర్త. ఆయనకి అప్పటికి అంతా చెప్పింది.

"పూడ్చింది అందరి ముందూ కదండీ," అంది పిన్ని.

ముందు దర్జీ ఆవిడ వచ్చింది. "అదేంటి పిన్నీ, మళ్ళీ పగలగొడుతున్నావు?" పిన్ని సుత్తి దించి చెప్పింది. మిరపకాయలు, ఫోను, ముఖం తుడవడం, అబద్ధం. దర్జీ ఆవిడ ముఖం మారింది. తన బిడ్డని దగ్గరికి తీసుకుని, పిల్ల కళ్ళవైపు ఒకసారి చూసుకుని, "సరే పిన్నీ," అని వెళ్ళిపోయింది. ఆ చూపు సుత్తిదెబ్బ కంటే గట్టిగా తగిలింది. తర్వాత ఇంకో తండ్రి వచ్చాడు. అతనికీ మొదట్నుంచీ చెప్పింది. ఒకసారి చెప్తే రెండోసారికి సులువవుతుందనుకుంది. కాలేదు.

మళ్ళీ ఉలి ఎత్తబోతుంటే వెనకనుంచి, "ఉలి అంత లోతుకి దించకండి," అని వినిపించింది.

ల్యాబమ్మాయి. ఒక్కతే వచ్చింది. బిడ్డ లేడు. తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది.

"లోపల చిన్న చిన్న గదులుంటాయి. తల్లి ఒక్కో గదిలో పుప్పొడి ముద్ద పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. తల్లులు బతికి ఉండవు. పిల్లలు ఉంటే ఉండొచ్చు. బయటికి రావడానికి దారి కావాలి అంతే." ఆ పిల్ల పిన్ని ముఖం చూడట్లేదు, గోడనే చూస్తోంది. "పైపొర మాత్రం తీయండి. మట్టి తగిలాక చెంచాతో గీకండి."

పిన్ని లోపలికెళ్ళి చెంచా తెచ్చుకుంది. వాడికి అన్నం తినిపించే చిన్న చెంచాయే చేతికి దొరికింది. అది పక్కన పెట్టి వేరేది వెతుక్కొచ్చింది. మట్టి తగిలిన మొదటి కన్నం అంచు గీకింది.

"వాడెలా ఉన్నాడమ్మా?" అంది పిన్ని చివరికి.

"మా అత్తగారు చూసుకుంటున్నారు. ఈగ వాలితే ఏడుస్తున్నాడు ఇంకా."

వాడు మళ్ళీ వస్తాడా అన్న ప్రశ్న నాలుక చివరే ఉంది. అడిగే ముఖం లేదు.

అంతలో బస్సు డ్రైవరు వచ్చాడు, గేటు గొళ్ళెం తీస్తూనే గొంతెత్తి, "ఏంటి పిన్నీ, ఆ రోజు మూసిందీ నువ్వే, ఈ రోజు తవ్వుతోందీ నువ్వే! గోడలో ఏమైనా దాచావా?" అన్నాడు.

పిన్ని లేచి నిలబడింది. ల్యాబమ్మాయి అక్కడే ఉంది, రెండడుగుల దూరంలో, చేతులు కట్టుకుని. ఆ పిల్ల వింటుండగా ఇంకొకరికి చెప్పడం ఇదే మొదలు. "ఈగ కాదు బాబూ, నేనే," అని మళ్ళీ మొదలుపెట్టింది. ఏదీ దాచకుండా, ఆ పిల్ల క్షమాపణ చెప్పిన సంగతీ, తను నోరు మూసుకుని పుచ్చుకున్న సంగతీ కూడా చెప్పింది.

బస్సు డ్రైవరు తెల్లబోయి, తర్వాత పెద్దగా నవ్వేశాడు. "ఓస్, ఇంతేనా! కారం చెయ్యి ఎవరింట్లో తగల్లేదు పిన్నీ? పోనిద్దూ!"

ల్యాబమ్మాయి నవ్వలేదు.

"పోనివ్వడానికి లేదు బాబూ," అంది పిన్ని. "ఆ మాట అనాల్సింది నువ్వు కాదు." మోకాళ్ళ మీద కూర్చుని, చెంచాతో తర్వాతి కన్నం గీకడం మొదలుపెట్టింది.